హీటరు గొట్టంలో ఇత్తడి బిరడా

2023 మార్చి నెలాఖరు. తెనాలిలో ఎండలు అప్పటికే ముదిరాయి. నా షెడ్డు రేపల్లె వెళ్లే రోడ్డులో, మస్తాన్ టీ కొట్టు పక్కన ఉంటుంది. ముప్పై ఏళ్లుగా పగలు కార్ల పని, సాయంత్రాలు ఒక దినపత్రికకు పట్టణ వార్తలు రాయడం నా వృత్తి. వార్త రాసేవాడికి కావాల్సిన ఓపిక, బండి విప్పేవాడికి కావాల్సిన అనుమానం రెండూ నాలో కుదిరాయని అనుకునేవాణ్ణి. ఈ ఉదంతంలో ఆ రెండూ నాకు అక్కరకు రాలేదు. మొదటి నుంచీ నన్ను నడిపింది అసూయ.

ఆ బుధవారం మధ్యాహ్నం ఒక పాత తెల్ల కారు వచ్చి ఆగింది. 2005 మోడల్. అంత ఎండలోనూ అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ వేయలేదు. నడుపుతున్న ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ దిగారు. వెనక సీట్లో ఒక పెద్దాయన మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని ముడుచుకుని కూర్చున్నారు.

"హీటర్ పనిచేయట్లేదండి. బాగుచేసి పెట్టాలి," అన్నారావిడ.

నాకు నవ్వొచ్చింది. మస్తాన్ అయితే ఆపుకోలేకపోయాడు. "బయట నిలబడండమ్మా, ఈ ఊళ్లో అదే హీటరు," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పేరు సునంద, రేపల్లెలో టీచరు. కార్లో ఉన్నది భర్త ఇమ్మానుయేలు గారు. చర్చిలో హార్మోనియం వాయించే మనిషి. ఏడాది కిందట కిడ్నీలు దెబ్బతిన్నాయి. సోమ, బుధ, శుక్రవారాలు తెనాలి ఆసుపత్రిలో డయాలసిస్, అంటే ఒంట్లో రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే వైద్యం. నాలుగు గంటలు పడుతుంది. అది అయ్యాక ఆయనకి చలి పట్టుకుంటుంది.

"ఇంటికెళ్లేదాకా పళ్లు టకటకా కొట్టుకుంటాయండి. ఆ చలికి భయపడి పోయిన శుక్రవారం రానన్నారు. రాలేదు కూడా. ఇంకోసారి మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు గారు కేకలేశారు."

కార్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "కిడ్నీల సంగతి ఆయనకెందుకు సునందా, హీటర్ వరకే చెప్పు."

ఆవిడ గొంతు తగ్గించి, "బాపట్ల కరీముల్లా గారు మీ దగ్గరికే వెళ్లమన్నారండి. హీటర్ పని మీకే తెలుసన్నారు," అన్నారు.

ఆ పేరు వినగానే నాలో ఏదో చురుక్కుమంది.

కరీముల్లా, నేను ఒకే మేస్త్రి దగ్గర ఒకే ఏడాది పనికి చేరాం. నేను వేగం, వాడు నిదానం. నేను మూడు బళ్లు పంపేలోపు వాడు ఒక బండికి చెవి ఆనించి వింటూ ఉండేవాడు. అయినా ఇంజన్‌లో తేడా శబ్దం వస్తే మేస్త్రి వాణ్ణే పిలిచేవాడు. మా పనిలో స్టెతస్కోపు అని ఒకటి వాడతాం. డాక్టర్లదే, కాకపోతే చివర బిళ్ల బదులు పొడవాటి ఇనప చువ్వ ఉంటుంది. వయసైపోయి పని మానేసిన రోజు మేస్త్రి తన స్టెతస్కోపు వాడి మెడలో వేశాడు. నా భుజం తట్టాడు. వాడు బాపట్లలో షెడ్డు పెట్టాక రేపల్లె, నిజాంపట్నం వైపు బళ్లు నా షెడ్డు సంగతే మరిచి అటు తిరిగాయి. తెనాలి డాక్టర్లు కూడా కొందరు వాడి దగ్గరికి వెళ్తారని తెలిసినప్పుడు నాకు ఆ పూట అన్నం సహించలేదు.

అలాంటివాడు చేతకాక నా దగ్గరికి పంపాడు! "కూర్చోండమ్మా, ఇప్పుడే చూసేద్దాం," అన్నాను. ఆ ఉత్సాహం హీటర్ కోసం కాదు.

కారు హీటర్‌కి కరెంటు పొయ్యి ఉండదు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు వేడెక్కుతాయి కదా, ఆ వేడినీళ్లనే రెండు రబ్బరు గొట్టాల ద్వారా డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి పంపుతారు. దాన్ని హీటర్ కోర్ అంటాం. ఫ్యాను దాని మీదుగా గాలి కొడితే వెచ్చటి గాలి వస్తుంది. ఈ కారులో గాలి వస్తోంది గానీ వెచ్చదనం లేదు. మీటరు చూశాను. ఇంజన్ వేడి చూపించే సూది అడుగునే పడుకుని ఉంది.

నాకు విషయం తెలిసిపోయింది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపి, తర్వాత తెరుచుకునే చిన్న తలుపు లాంటిది ఒకటుంటుంది. థర్మోస్టాట్. మా కోస్తాలో ఇంజన్ కాస్త వేడెక్కిందంటే చాలు, మెకానిక్కులు మొదట చేసే పని దాన్ని పీకి పారేయడం. విప్పి చూస్తే దాని గూడు ఖాళీగా ఉంది.

"చూశారా అమ్మా! ఇది బాపట్ల నిర్వాకం. పెద్ద పేరే గానీ, తీసిన వస్తువు మళ్లీ పెట్టాలని కూడా తెలియదు." మస్తాన్‌కీ వినపడేట్టే అన్నాను. ఎదురుగా ఎండలో కుర్చీ వేయించుకుని కూర్చున్న ఇమ్మానుయేలు గారికీ వినపడింది.

సునంద టీచర్ నా వైపు వింతగా చూశారు. "అవునండి, నాలుగేళ్ల కిందట ఆయనే తీశారు. ఎందుకు తీశారో కూడా చెప్పారు. తీసి నాకే ఇచ్చారు, ఎప్పుడైనా హీటర్ కావాల్సొస్తే ఇది ఉండాలమ్మా అని." డాష్‌బోర్డు అర తెరిచి, పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టారు. అది నేను వార్తలు రాసే పత్రికే.

మస్తాన్ టీ గిన్నెలోకి అతి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

వస్తువు చెడిపోయి ఉంటే బాగుండునని మనసులో కోరుకున్నాను. మస్తాన్ దగ్గర మరిగే నీళ్లు తీసుకుని అందులో వేశాను. థర్మోస్టాట్ బాగుంటే వేడికి నోరు తెరుస్తుంది. చక్కగా తెరిచింది.

బిగించాను. సూది నెమ్మదిగా సగం దాకా లేచింది. హీటర్ తిప్పి గాలి ముందు చెయ్యి పెట్టాను. వేడి లేదు.

"వచ్చిందాండీ?" అని ఎండలోంచి అడిగారు ఇమ్మానుయేలు గారు.

"వస్తుందండి," అని మళ్లీ బానెట్ లోపలికి వంగాను. హీటర్‌కి వెళ్లే గొట్టం మీద వేలు ఆనించి జరుపుకుంటూ వెళ్లాను. చురుక్కుమనే వేడి. మధ్యలో ఒక క్లాంపు, గొట్టాన్ని బిగించే ఇనప పట్టీ. దానికి అవతల చల్లగా ఉంది. రెండో గొట్టమూ అంతే. లోపల ఏదో అడ్డం ఉంది.

క్లాంపు కేసి చూశాను. స్క్రూ తల ఎడమవైపుకి ఉంది. రెండో దానిదీ ఎడమవైపుకే.

నాది ఎడమచేతి వాటం. తెనాలి నుంచి బాపట్ల దాకా క్లాంపు స్క్రూలు ఎడమవైపుకి పెట్టే మెకానిక్ నేనొక్కణ్ణే.

2012లో ఈ కారు ఒక రైస్ మిల్లు యజమానిది. హీటర్ కోర్ కారి కాళ్ల కింద తివాచీ తడుస్తోందని తెచ్చాడు. కోర్ మార్చాలంటే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, రెండు రోజుల పని. "మన ఊళ్లో హీటర్ ఎందుకండీ!" అని అరగంటలో తేల్చేశాను. మిగతావాళ్లయితే గొట్టాలు రెండూ పీకి ఒకదానికొకటి కలిపేస్తారు, చూడగానే తెలిసిపోతుంది. నేను ఇత్తడి కడ్డీని లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్ మీద, నున్నగా తిప్పి, రెండు బిరడాలు చేసి గొట్టాల లోపల దించి, పైన క్లాంపులు వేశాను. పని చేసినట్టే కనిపించకూడదు. అది నా గొప్ప. ఎంత బాగా దాచానంటే, పదకొండేళ్ల తర్వాత నాకే వెంటనే దొరకలేదు.

కరీముల్లాకి మాత్రం దొరికింది.

"పార్టు తెప్పించాలండి," అన్నాను టీచర్ గారితో. "కారు ఉంచి వెళ్లండి. శుక్రవారానికి ఇస్తాను."

"శుక్రవారం కచ్చితంగానా అండి? ఆటోలో అయితే ఈయన రారు."

"కచ్చితంగా."

ఆ మోడల్‌కి హీటర్ కోర్ తెనాలిలో లేదు. గుంటూరుకి ఫోన్లు చేశాను, అక్కడా లేదు. పాత కార్ల సామాను తుడిచి దాచుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే, గొట్టాల్లోంచి తీసిన బిరడాలు జేబులో వేసుకుని బాపట్ల ప్యాసింజర్ ఎక్కాను. చుండూరు దాటేదాకా ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచించాను. ఆ తర్వాత ఆలోచించడం మానేశాను.

వాడి షెడ్డులో గోడకి స్టెతస్కోపు వేలాడుతోంది. తొడుగు కొత్తగా కుట్టించినట్టున్నాడు.

"రారా కోటీ! ఎన్నాళ్లకి! టీ తాగుతావా, పేపరోళ్లు కాఫీయే తాగుతారా?"

"హీటర్ కోర్ కావాలి."

"అదిగో, బల్ల మీద పెట్టా. నిన్ననే బకెట్లో ముంచి గాలి కొట్టి చూశా. బుడగ రాలేదు."

నేను వస్తానని వాడికి తెలుసు. అదీ భరించలేకపోయాను. బిరడాలు తీసి బల్ల మీద పెట్టాను. వాడొకటి వెలుతురులో తిప్పి చూశాడు.

"బలే నున్నగా తిప్పావురా. నాకెప్పుడూ లేత్ పని ఇంత చక్కగా రాలేదు. మేస్త్రి కూడా అనేవాడు, లేత్ కాడ కోటిగాడి చెయ్యే చెయ్యని."

"నా దగ్గర ఎప్పుడూ అనలేదు."

"నీ దగ్గరంటే ఇక నిన్ను పట్టుకోగలమా?"

"ఆవిడకి ఎందుకు చెప్పలేదు, ఇది నా పనని?"

"గొట్టం విప్పలేదుగా, ఎట్టా చెప్తా? స్క్రూలు చూస్తే నీయని అనిపించింది. నీ పని నువ్వే విప్పుకుంటే మర్యాదగా ఉంటుందనుకున్నా." ఆగి, నవ్వాడు. "పైగా నీ మీద చెప్తే నువ్వు పేపర్లో రాస్తావ్."

నేను నవ్వలేకపోయాను. నిన్న నా షెడ్డు ముందు వాడి గురించి నేనేమన్నానో చెప్పలేకపోయాను కూడా.

రాత్రంతా మేలుకుని కోర్ మార్చి, శుక్రవారం నేనే కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ పొద్దున ఇమ్మానుయేలు గారిని ఎలాగో బతిమాలి రైల్లో తీసుకొచ్చారు టీచర్ గారు, తిరుగు ప్రయాణానికి వెచ్చటి కారు ఉంటుందని మాటిచ్చి. రెండున్నరకి ఆయన చక్రాల కుర్చీలో బయటికొచ్చారు. పెదాలు నల్లబడి ఉన్నాయి. ఈసారి ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు ఎత్తి, స్టీరింగ్ ముందు కూర్చుని హీటర్ తిప్పాను. నాకు రెండు నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది. వెనక సీట్లో టీచర్ గారు న్యూస్‌పేపర్‌తో విసురుకుంటున్నారు. ఆయన రెండు చేతులూ గాలి ముందు చాపి, వేళ్లు ఒక్కొక్కటే కదిలించి చూసుకున్నారు, హార్మోనియం మెట్లు నొక్కినట్టు.

కాసేపటికి మంకీ క్యాపు తీసేశారు.

"మొత్తానికి బాపట్లాయన పాడుచేసింది మీరు బాగుచేశారన్నమాట," అన్నారు.

పత్రికలో తప్పు వార్త వస్తే సవరణ వేస్తాం. తప్పు పెద్ద అక్షరాల్లో వచ్చినా సవరణ లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటివి చాలా రాశాను. ఆ రోజు మాత్రం జేబులోంచి బిరడాలు తీసి ఆయన అరచేతిలో పెట్టి, పూర్తి గొంతుతో చెప్పాను. "కాదండి. పాడుచేసింది నేను. మొన్న నేనన్నది తప్పు. ఆయన నా పేరు కాపాడాడు, నేను ఆయన పేరు చెడగొట్టాను."

టీచర్ గారు విసురుకోవడం ఆపేశారు. ఆయన బిరడాలు అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచి పనితనమండి," అన్నారు. తర్వాత, "సోమవారం ఎన్నింటికి బయలుదేరాలి సునందా?" అని వెనక్కి తిరిగారు.

అప్పటి నుంచి నా షెడ్డులో ఏ బండిలో ఏ దారి మూసినా, అక్కడే తెల్ల పెయింటుతో ఏం మూశానో రాస్తున్నాను. తీసిన వస్తువు పొట్లం కట్టి బండివాళ్లకే ఇస్తున్నాను. చేసింది చెప్పడం, తీసింది తిరిగివ్వడం, రెండూ కరీముల్లా నుంచి నేర్చుకున్నవే. అసూయ పోయిందా అంటే పోలేదు. మొదట్లో వాడి చెవిని చూసి కుళ్లుకునేవాణ్ణి. ఇప్పుడు వాడు నా గురించి నోరు విప్పకుండా ఉండగలిగాడే, దాన్ని చూసి కుళ్లుకుంటున్నాను. ఆ బిరడాలు వాడికే పంపాను. స్టెతస్కోపు పక్క మేకుకి వేలాడదీశాడట. ఎవరివని అడిగితే, లేత్ పని అంటే ఇదీ అని చూపిస్తున్నాడట.