మైలుతుత్తం కలపని మైదా

కిటికీ సందులకు కాగితం అంటిస్తే చలి ఆగుతుందన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మాకవరపాలెం నుంచి రోజూ పాలు తెచ్చే ఆవిడ. ఆ కబురుకు బదులుగా నేను ఆవిడకు చేసిన మర్యాద ఏమిటో చెప్పాలంటే, ముందు ఆ కిటికీ సంగతి చెప్పాలి.

నర్సీపట్నంలో మాది పాత ఇల్లు. ఉత్తరం గది కిటికీకి వేపచెక్క రెక్కలు. ఎండకు వంగి, వానకు ఉబ్బి, చివరికి రెక్కకీ చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు పడింది. ధనుర్మాసం వచ్చిందంటే కొయ్యూరు కొండల మీంచి దిగిన గాలి ఆ సందులోంచి తిన్నగా మా అత్తగారి మంచం మీద పడేది. ఆవిడకు ఆయాసం. ఈ కాగితాల కథకు ముందటి ఏడాది చలికాలంలోనే రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. ఇంకోసారి అలా వస్తే ఈ వయసులో కష్టమని డాక్టరు గారు మావారితో మెల్లగా అన్నారు. మెల్లగా అన్నా అత్తగారికి వినిపించింది. స్నానాల గదికి దగ్గరని ఆవిడ ఆ గది వదలరు. వడ్రంగిని పిలిస్తే, రెక్కలూ చట్రమూ మొత్తం మార్చాలన్నాడు. అంత మా వల్ల అయ్యే పని కాదు.

అప్పుడు చెప్పింది పాలావిడ.

"మా పెద్దమ్మాయి కాగితాలు అంటించీసింది అమ్మా. మైదా బాగా ఉడకేసి, మైలుతుత్తం కాసింత కలిపి. గాలన్న మాట నేదు. తుత్తం మాత్రం మర్సిపోకు. సినిమా పోస్టర్లు అంటించీవోళ్లు ఊరికే కలుపుతారేటి."

న్యూస్ పేపరు పల్చన, నిలవదు. మా ఇంట్లో ఉన్న గట్టి కాగితం అంతా దేవుళ్లదే. ఏటా కొట్లవాళ్లు ఇచ్చే కాలెండర్లు. ఏడాది తిరిగాక వాటిని పారేయకూడదు, కాల్చకూడదు, పారే నీళ్లలో వదలాలి. తాండవ కాలవలో వదులుదామనుకుంటూనే ఎన్నేళ్లవో బీరువా మీద కట్ట కట్టి ఉంచాను. వాటిని కిందికి దించాను. దేవుడే అడ్డు నిలబడితే చలి ఎలా వస్తుందనుకున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకోవాలని అక్షరాల కన్నా ముందే నేర్పారు. అలా పెరిగినదాన్ని, స్వామి పటం వెనక పురుగుల్ని చంపే ఆ విషం పుయ్యడానికి చెయ్యి రాలేదు. కొట్లో కొన్న తుత్తం పొట్లం విప్పకుండానే గూట్లో పెట్టేశాను. దాని బదులు మైదాలో చిటికెడు పసుపు, పచ్చకర్పూరం కలిపాను. అత్తగారికి పడుకున్న చోటే దర్శనం కావాలని బొమ్మలు లోపలి వైపు ఉండేలా అంటించాను.

"తిరపతి ఎళ్లలేకపోతన్నానని ఇన్నాళ్లూ ఏడిసేదాన్ని," అన్నారు అత్తగారు. "తిరపతే వచ్చి కిటికీలో కూసుంది."

పది రోజులు హాయిగా గడిచాయి. గాలి లేదు, అత్తగారి ఛాతీలో పిల్లికూతలు లేవు. రోజూ తెల్లవారి దేవుడికి దండం పెట్టుకుని, ఆయన దయేనని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను. పాలావిడ మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

తరువాత గదిలో ఒక వాసన మొదలైంది. మక్కిపోయిన నూనె డబ్బా మూత తీసినట్టు ఉండేది. అత్తగారి ఆయాసం మళ్లీ తిరగబెట్టింది. ఎక్కడో గాలి దూరుతోందనుకుని మళ్లీ మైదా ఉడికించి, మొదటి వరస మీద రెండో వరస అంటించాను. ఎవరికి వడ్డిస్తున్నానో అప్పుడు తెలియలేదు.

ఒక పొద్దున్న అత్తగారి తలగడ గలీబు మారుస్తుంటే నల్లటి నలుసులు రాలాయి, మినప్పొట్టులా. తలెత్తి చూశాను. పటంలో అమ్మవారికి ఒక చెంప లేదు. కన్ను ఒకటి, పెదవి సగం లేవు. రంగంతా గీకేసినట్టు పోయి, తెల్లటి పీచు మిగిలింది. అంచు పట్టుకుని లాగాను. కాగితం పొరలాగా ఊడివచ్చింది. వెనక అంతా బొద్దింకలే. ఒకదాని మీద ఒకటి, తడిసిన బెల్లం రంగులో మెరుస్తూ, మీసాలు ఆడిస్తూ. వాటి మధ్య కందిగింజల్లాంటి గుడ్లు చెక్కకు అతుక్కుని ఉన్నాయి. ఒకటి నా మణికట్టు మీంచి జాకెట్టు చేతిలోకి పాకింది. పెరట్లోకి పరుగెత్తి, తిన్నదంతా కక్కుకున్నాను.

తిరిగి వచ్చేసరికి అత్తగారు గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"నాకు తెల్సే," అన్నారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి లాగుతూ. "దుప్పటి మీద తిరుగుతన్నాయి. సేత్తో దులుపుకుంటన్నాను."

"మరి చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"ఏటి సెప్పీది. తలంటుకుని, బొట్టు పెట్టుకుని అంటించేవు. నీ దేవుళ్లని పురుగులు తింటన్నాయని నీతో నేనెలాగనీది."

మావారు డాక్టరు గారికి ఫోన్ చేయడానికి వరండాలోకి వెళ్లారు. పక్కింటి వదినగారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఎవరు చెప్పారు నీకీ పని?" అన్నారు.

"పాలావిడ," అన్నాను. "ఆవిడ మాట విన్నందుకే ఇలా అయింది."

అప్పటికే పాల క్యాను పట్టుకుని ఆవిడ గుమ్మంలో ఉంది. విన్నది. క్యాను దించి, లోపలికి వచ్చి కిటికీ చూసింది. చుట్టూ చూసి గూట్లోంచి పొట్లం తీసింది.

"దారం ముడి కూడా ఇప్పనేదు," అంది.

"దానిక్కూడా పూజ చేసుంటుందిలే," అన్నారు వదినగారు.

పాలావిడ అత్తగారిని చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి నడిపించింది. మూతికి తువ్వాలు కట్టుకుని, అట్లకాడ అడిగి పుచ్చుకుని గీకడం మొదలుపెట్టింది. అట్లకాడ దూరని చోట గోళ్లతో గీకింది. కాలి కింద అవి చిట్లుతున్న చప్పుడు నాకు గుమ్మం దగ్గరికి వినిపించేది. చేట పట్టుకు నిలబడటానికి కూడా నా వల్ల కాలేదు. నేను అంటించిన కాగితమే, నేను ఉడికించిన మైదాయే. అయినా ముక్కు మూసుకుని దూరంగా నిలబడ్డాను.

"పటాల్ని కాలవలో ఒగ్గీమన్నారు గానీ గోడకి పిండేసి అతికించమన్నారేటమ్మా," అంది, వెనక్కి తిరగకుండా. దేవుడి చెయ్యో పాదమో మిగిలిన ముక్కలను మాత్రం వేరు చేసి తన కొంగు చివర మూట కట్టుకుంది. దారిలో కాలవలో వదులుతానంది. కొంగుకు అంటినదేమిటో చూసి నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ మాత్రం ఆ మూటను ఒకసారి కళ్లకద్దుకుంది.

మరిగే నీళ్లలో బట్టల సోడా వేసి చట్రమంతా కడిగాక, "పెద్దమ్మగారి పాత నూలు సీరలు తే, బేగి," అంది. వాటిని నిలువునా చింపి, తాడులా మెలిపెట్టి, గరిటె కాడతో సందుల్లోకి గట్టిగా కుక్కింది. ఇంకో రెండు చీరలు నాలుగు మడతలు వేసి, రెండు మేకులకు తెరలా వేలాడదీసింది. "వారానికోపాలి పీకి, ఉతికి, ఎండలో ఆరేసుకో. పిండి నేని సోట పురుక్కి తిండేటుంటాది."

వారం రోజులు మందులు వాడాక అత్తగారి ఊపిరి కుదుటపడింది. ఆసుపత్రి గడప తొక్కలేదు. ఈ ధనుర్మాసంలోనూ అవే గుడ్డలు కిటికీలో ఉన్నాయి. నిన్న ఆదివారం ఉతికి ఆరేశాను. ఆవిడ తన చీరల రంగులు గుర్తుపట్టి, ఏది ఏ పండక్కి కొన్నదో చెబుతూ పడుకున్నారు.

బొద్దింకల అసహ్యం కడిగితే పోయింది. గుమ్మంలో పాలావిడ నిలబడి ఉండగా నా నోట్లోంచి వచ్చిన మాట మీద అసహ్యం పోలేదు. క్షమించమని అడిగితే, "పాలు పొంగిపోతన్నాయి, సూసుకో," అని వెళ్లిపోయింది. దేవుడు నా మొర విన్నాడనే ఇప్పటికీ నమ్ముతాను. ఆవిడ చేత చెప్పించిన మాటను వినక నేనే తోసేశాను.

మీ ఇంట్లో ఈ చలికి కిటికీ సందులో పాత గుడ్డ దూర్చేటప్పుడు, మాకవరపాలెం నుంచి పాలు తెచ్చే ఆవిడను ఒకసారి తలుచుకోండి.