ఏసురత్నం గొంతు

నలభై ఏళ్ళుగా ఒక మాట నన్ను లోపల్లోపల తింటోంది. మింగలేను, కక్కలేను. ప్రతి ఆదివారం దేవుడి ముందు ఒప్పుకుంటూనే ఉన్నాను. దేవుడికి చెప్పడం సులువు, ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు. మనిషికి చెప్పాలంటేనే నోరు పెగలదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో ఆదోనిలో నాకు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురైదుగురం అక్కడ చేరేవాళ్ళం. మా పిచ్చంతా ఒక ఇంగ్లీషు సువార్త పాట. దాన్నే గిటార్లతో, డ్రమ్ములతో రాక్ పద్ధతిలో వేరే వేరే బృందాలు పాడిన క్యాసెట్లను మాలో ఒకడైన హుసేన్ బెంగళూరు నుంచి తెప్పించేవాడు. ఒక్క పూట నమాజు తప్పని మనిషి, ఆ పాట దగ్గర మాత్రం మా క్రైస్తవులందరినీ మించిపోయేవాడు. దీంట్లో డ్రమ్ము అదిరిందని ఒకడు, దాంట్లో గిటారు కన్నీళ్ళు పెట్టిస్తుందని ఇంకొకడు. వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ విని, గొంతులు పోయేలా వాదించుకునేవాళ్ళం. ఇంగ్లీషు మాత్రం ఒక్కడికీ రాదు!

నేనూ ఆ పాటకు తెలుగు మాటలు కట్టి, గిటారు వాయిస్తూ పాడి రికార్డు చేశాను. ఏడాది కష్టం. మా అంగడిలో విదేశీ పాటల తర్వాత నా పాటకే పేరు.

అప్పుడు వచ్చాడు ఏసురత్నం. ఎమ్మిగనూరులో స్పిన్నింగ్ మిల్లు పనివాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అదే పాటను తన మాటల్లో పాడాడు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే టేప్ రికార్డర్‌ను గంట సేపటికి తెచ్చుకుని రికార్డు చేశాడట. పాట అయ్యీ కాకముందే మిషన్ గలవాడు వచ్చి పట్టుకుపోవడంతో తను పాడింది తనే వినలేదు. గుడిలో గిటారేమిటని వాళ్ళ సంఘం పెద్దలు అప్పటికే గొణుగుతున్నారు. ఆదోనివాళ్ళు బాగుందంటే క్రిస్మస్ కూటంలో పాడతానని, లేదంటే పాటనే వదిలేస్తానని చెప్పి, శనివారం క్యాసెట్టు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

నేను ఒక్కణ్ణే విన్నాను. మొదటి చరణం దాటకముందే నాకు అర్థమైపోయింది. నా పాట దాని ముందు నిలవదు. వాడికి గిటారు కూడా సరిగా రాదు, నాలుగు తీగలు గీకాడు, అంతే. కానీ ఆ గొంతు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది చచ్చీచెడీ నేను సాధించనిది వీడు గంటలో ఎట్లా సాధించాడు? దేవుడు నాకెందుకివ్వలేదు? అన్నం కూడా సయించలేదు.

మరుసటి రోజు అందరూ వచ్చారు, ఏసురత్నం కూడా. నా టేప్ రికార్డర్ వెనక మూత ఎప్పుడూ ఊడదీసే ఉండేది. మోటారు వెనక చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. టేపు నిదానంగా తిరిగితే దాన్ని కొంచెం తిప్పి స్పీడు పెంచడం మాకు రోజూ ఉండే పని. ముందు రెండు విదేశీ పాటలు అయ్యాయి. ఏసురత్నం క్యాసెట్టు పెడుతూ, ఆ స్క్రూను పావు చుట్టు తిప్పాను. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

పాట పరుగందుకుంది. గొంతు సన్నబడి, కీచుమంటూ వచ్చింది.

"ఏమప్పా ఏసురత్నం, గొర్రెపిల్లకు పడిశెం పట్టినట్లుండాదే!" అన్నాడు హుసేన్. అందరూ పడీపడీ నవ్వారు.

ఏసురత్నం నా వైపు తిరిగాడు.

"అన్నా, మిషన్ ఏమన్నా చెడిందా?"

"మిషన్ బాగుండాదప్పా. ఇంతకుముందు పాటలు సరిగ్గా రాలేదా?"

"అయితే నా గొంతే ఇట్లుంటాదా?"

"టేపు అబద్ధం సెప్పదు ఏసూ. నువ్వు పాడిందే పలుకుతాది."

ఆ మాట అన్నది నేనే. స్క్రూ తిప్పడం ఒక క్షణం ఉక్రోషం అనుకుందాం. ఈ మాటో? కళ్ళలోకి చూస్తూ అన్నాను. తర్వాత స్క్రూను యథాస్థానానికి తిప్పి నా పాట పెట్టాను. శభాష్ అన్నారు. నీదే బాగుందన్నా అని ఏసురత్నం కూడా అన్నాడు, చిన్నబోయిన ముఖంతో. క్యాసెట్టు నువ్వే ఉంచుకో, పైన ఏదైనా రికార్డు చేసుకో అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే దాని మీద వేరే పాటలు ఎక్కించేశాను. ఆ పాపం కూడా నాదే.

క్రిస్మస్ కూటంలో వాడు పాడలేదు. ఆ లోపే నిజం చెప్పాలనుకున్నాను. ఎమ్మిగనూరు ఎంత దూరం? బస్సెక్కితే గంట. ఒకసారి మిల్లు గేటు దాకా పోయి, షిఫ్టు వదలకముందే తిరుగు బస్సెక్కాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! ఒక్కోసారి వాడి మీదే కోపం వచ్చేది. ఇంకోసారి వెయ్యన్నా అని అడగకూడదా? ఇంకో అంగడికి పోయి వినకూడదా? నన్ను అంతగా నమ్మమని ఎవడు చెప్పాడు?

పోయిన నెల ఎమ్మిగనూరులో ఒక పెళ్ళిలో కనిపించాడు. జుట్టంతా నెరిసింది. భార్యను పిలిచి నన్ను చూపించాడు. ఆ రోజు ఈ అన్న ఉన్నదున్నట్టు చెప్పబట్టే ఊరి ముందు నవ్వులపాలు కాకుండా బయటపడ్డానని చెప్పి, నాకు దండం పెట్టాడు. ఆమె ఆశ్చర్యపోయింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన పాడగా తాను ఒక్కసారీ వినలేదంది. పిల్లలను నిద్రపుచ్చేటప్పుడు కూడా.

నేను ఆ దండం తీసుకున్నాను. తీసుకుని, భోజనం చేసి వచ్చాను.

ఇప్పుడైనా వెళ్ళి చెబుతానా? తెలియదు. చెబితే మాత్రం ఆ ఏళ్ళు ఎవరిస్తారు? క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్క మనిషికైనా తెలియాలి, అంతే. ఏసురత్నం గొంతు బాగుండేది. నేను విన్నాను. నిజంగా విన్నది నేనొక్కణ్ణే.