పని చెప్పకూడని సామి

మొన్న మనవరాలు శ్రీకాకుళం బజారు నుంచి గోగునార సంచి ఒకటి ముచ్చటపడి తెచ్చి నా ఒళ్లో పెడితే, మెచ్చుకోవలసింది పోయి ముందు వాసన చూశాను. అది నవ్వింది. నార కోసం గోగుకట్టలు నీళ్లలో ఊరబెట్టే ఇళ్లలో పెరిగిన మీకు ఆ కుళ్లు కంపు గుర్తుండే ఉంటుంది, కానీ నేను వెతికింది దాన్ని కాదు.

మా మెట్టపొలం చివర తుప్పల్లో ఒక నల్లరాయి ఉండేది. అది సామే, కానీ దీపం లేదు, పేరు లేదు. ఆయనకు మొక్కకూడదు, పని చెప్పకూడదు. చెబితే చేసిపెడతాడనీ, కూలి మాత్రం తనకు నచ్చింది తనే తీసుకుంటాడనీ నాయనమ్మ చెప్పేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఊరందరి నారా మచ్చలుపడిన ఏడు, మా చిన్నాన్న ఆ రాయిని పెకలించి తెచ్చి ఊరి పక్క వాగులో, మా గెడ్డలో, ఊరబెట్టిన గోగుకట్టల మీద బరువుగా పెట్టాడు. వేరే రాళ్లు లేక కాదు.

మూడు వారాలకు తీస్తే నార ఉతికిన పంచెలా తెల్లగా వచ్చింది. వ్యాపారి ఇంటికే వచ్చి పట్టుకెళ్లాడు, నాకు వెండి పట్టీలు వచ్చాయి. ఆ వారమే పిన్నికి జుట్టు ఊడడం మొదలైంది. మోకాళ్ల దాకా జడ ఆవిడది. రోజూ నాకు తల దువ్వే మనిషి, దువ్వెన నిండా వచ్చిన తన వెంట్రుకలు చుట్టలు చుట్టి చూరులో దోపుకునేది. ఆ రాయి కిందే ఊరిన రెండో విడత నారలో కుళ్లు కంపే లేదు, కొబ్బరినూనె వాసన వేసింది. నాయనమ్మ ఆ నార ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, చిన్నాన్న చేతులు పట్టుకుంది.

"ఒరే, నీకు దణ్ణమెడతాను, ఆ రాయి తీసిన సోటే ఎట్టీరా. కోడలుపిల్ల మనకి దక్కదురా" అంది.

"ఇంకొక్క విడత ఉన్నాదమ్మా, అదవ్వగానే నానే ఎట్టేస్తాను" అన్నాడు చిన్నాన్న.

పిన్ని తలకు గుడ్డ చుట్టుకుని మంచం పట్టింది. ఆ మూడు వారాలూ నేను పట్టీలు చప్పుడు కాకుండా ఆవిడ గదిలోకి వెళ్లేదాన్ని గానీ వాటిని విప్పలేదు, రాయి పెట్టెయ్యమని చిన్నాన్నను ఒక్కసారీ అడగలేదు. మూడో విడత కట్టలు విప్పిన పొద్దునే పిన్ని పోయింది. నార నల్లగా, జిడ్డుగా, అప్పుడే జడ విప్పినట్టు వంకీలతో వచ్చింది. మేమంతా ఏడుస్తుంటే చిన్నాన్న దాన్నీ గట్టున ఆరేశాడు, పెద్దకర్మ కాకముందే అమ్మేశాడు. తర్వాత నాయనమ్మ గెడ్డలో దిగి ఎంత తడిమినా రాయి దొరకలేదు.

ఇప్పుడు మా వైపు గోగు వేసేవాళ్లు లేరు. గెడ్డ ఎండిపోయింది, తుప్పలు కొట్టేసి జీడితోట వేశారు, ఆ సామి సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అన్నీ పోయాయి గానీ, పిన్నికన్నా పట్టీలే ఎక్కువైన ఆ మూడు వారాలు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.