మంట అంటని గడి

అమెరికాలో న్యూమెక్సికో లోయలో ఎల్విరా ఆర్చులేటా అంటే తెలియనివాళ్లు లేరు. కొండమీది జాతీయ ప్రయోగశాలకు లోయవాళ్లు వెళ్లేది నేలలు తుడవడానికీ, వంటశాలలో బీన్సు ఉడికించడానికీ. కంప్యూటర్ల ముందు కూర్చోవడానికి వెళ్లిన మొదటి మనిషి ఆమే. తల్లి రమోనా ఇరవై ఏళ్లు తుడిచిన భవనంలోనే కూతురికి గది ఇచ్చారు. డాక్టరేటు అయ్యాక ఇచ్చే రెండేళ్ల పరిశోధన ఉద్యోగం అది. గడువు సెప్టెంబరుతో సరి. శుక్రవారం పెద్దల ముందు పని చూపించి మెప్పిస్తే ఇంకో ఏడాది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

పని ఏమిటంటారా, కొండమీద అడవి అంటుకుంటే మంట ఎటు పాకుతుందో కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టడం. అడవినంతా గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎంత గడ్డి, ఎంత తేమ ఉన్నాయో అంకెల్లో చెప్పాలి. అంతా బాగానే ఉంది గానీ, ఒక్క గడి దగ్గరికొచ్చేసరికి మంట రెండుగా చీలి, దాన్ని చుట్టుకుని, అవతల మళ్లీ కలిసిపోతోంది. ఆమె గాలి మార్చింది, ఎండ పెంచింది. అయినా అంతే. వీధిలో పెద్దమనిషి ఎదురైతే పక్కకు తప్పుకున్నట్టు.

"అదో పిచ్చి గడి. పక్క గళ్ల సగటు తీసి అందులో పోసెయ్. అందరం చేసేదే," అన్నాడు పై అధికారి వెండెల్, కాఫీ ఊదుకుంటూ.

"పోశానండీ."

"మరి?"

"అయినా తప్పుకునే పోతోంది."

వెండెల్ కాఫీ దించాడు. "అయితే శుక్రవారం చూపించే బొమ్మలో ఆ గడి ఉన్న మూల కత్తిరించెయ్. మూలలు చూసే తీరిక వాళ్లకెక్కడిది."

బుధవారం మధ్యాహ్నం ఆమె తల్లిని కారెక్కించుకుని, కొండమీద ఆ గడి పడే చోటికి వెళ్లింది. పాత శ్మశానం. చెక్క సిలువలు ఒరిగిపోయాయి. గడ్డి మోకాలి దాకా ఎండి ఉంది, అగ్గిపుల్ల చాలు. చుట్టూ ఉన్న పైన్ చెట్లకు ఎప్పటిదో మంట మచ్చ. అది కూడా బయటివైపే. సమాధులకేసి ఉన్న బెరడు మీద మసి చుక్క లేదు. పిట్ట కూత కూడా వినబడడం లేదు.

"ఎవరమ్మా వీళ్లు?"

"మనవాళ్లే. ప్రయోగశాల రాకముందటి వాళ్లు. మెల్లగా మాట్లాడు."

"చచ్చినవాళ్లకి వినబడుతుందా?"

"ఆ మాట నీ మిషన్‌ని అడుగు. వీళ్లున్నారని దానికెవరు చెప్పారట?"

శుక్రవారం ఎల్విరా మూల కత్తిరించలేదు. కారణం అడిగితే తెలియదంది. ఒకాయన నవ్వాడు. ఆమె అక్కడే లెక్క మళ్లీ నడిపించింది. మంట వచ్చింది, చీలింది, గడిని చుట్టుకుని పోయింది. నవ్వినాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వారానికి ఉత్తరం వచ్చింది. ఇంకో ఏడాది ఇచ్చారు. షరతు ఒక్కటే, ఆ గడిలో ఏముందో తేల్చాలి.

"తేలకపోతే?" అంది రమోనా, పెనం మీద రొట్టె తిరగేస్తూ.

"ఉద్యోగం పోతుంది."

"తేలితే?"

ఎల్విరా ఉత్తరం బల్ల మీద పరిచింది. ఆ సమాధుల లోపల ఎవరున్నారో వెతకమని తనకే ఏడాది జీతం ఇస్తున్నారు. ఆ మాట తల్లితో అనలేక, ఉత్తరం కింద సంతకం పెట్టేసింది.