దీపాలన్నీ పచ్చగానే

ప్రకాశం గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన రోజున అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్లే ఇదంతా జరిగింది. అందుకే ఇప్పుడు అడక్కుండానే రాస్తున్నాను. మనిషన్నాక సిగ్గు ఆలస్యంగానైనా రావాలి కదా.

అఫ్జల్‌గంజ్‌లో ఇనుప సామాన్ల దుకాణం పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. పాతబస్తీలోని నెట్ సెంటర్లకు ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే చిన్న కంపెనీ. పేరు చెప్పను. ఇప్పుడది లేదు, పోయినందుకు ఏడ్చినవాడూ లేడు. నాది తెనాలి. డిగ్రీ చదివి, హైదరాబాదు వచ్చి, ఆ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కుదిరాను. ఎవరి లైను ఎప్పుడు ఆగింది, మళ్ళీ ఎప్పుడు వచ్చింది, రిజిస్టర్లో రాయడం నా పని. గాజు తలుపుకు అవతల యంత్రాల గది. ఆ గదికి ప్రకాశమే దిక్కు.

ప్రకాశానిది గౌలిపుర. వాళ్ళ నాన్న ఆనందరావు టెలిఫోను డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేసి పోయాడు. వాళ్ళ సందులో ఇంటి నంబరు చెబితే ఎవడికీ తెలియదు. లైన్ ఆనందరావు ఇల్లంటే పాలు పిండుకునే ముసలమ్మ కూడా చేత్తో చూపిస్తుంది. వానలో స్తంభమెక్కిన తండ్రికి కింద నిచ్చెన పట్టుకుని పెరిగిన మనిషి ప్రకాశం.

"మా బాపు ఒక్కటే మాట చెప్పిండు సార్," అనేవాడు నాతో. "అవతల ఎవడో చెవికి ఫోన్ ఆనించుకొని కూసుంటడు. ముందుగాల లైన్ లేపు, లొల్లి తర్వాత పెట్టుకో అని."

రెండు వేల మూడు జనవరిలో మొదలైంది మా పీడ. యంత్రాల గదిలో రౌటర్ అని ఒక పెట్టె ఉండేది. ఏ సమాచారం ఏ దారిన పోవాలో చూసి పంపించేది అదే. ఉన్నట్టుండి ఓ రోజు పాతబస్తీలో లైన్లన్నీ ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే పెట్టెకు ఏమీ కాలేదు. వేడెక్కలేదు, మొత్తుకోలేదు. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. లోపలికి మాత్రం ఒక్క ముక్క కూడా పోవడం లేదు.

ప్రకాశం వైరు పీకాడు. పీకిన వెంటనే పెట్టకూడదు, అర నిమిషం ఆగాలి. మామూలువాళ్ళయితే ముప్పై అంకెలు లెక్కపెడతారు. ఈయన మాత్రం ప్లగ్గు చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, చర్చిలో అందరూ కలిసి చెప్పే ప్రార్థన పెదాల మీదే చెప్పుకునేవాడు. అది సరిగ్గా అర నిమిషం పడుతుందట. ఆమెన్ అనగానే ప్లగ్గు పెట్టేవాడు. పెట్టె లేచేది, లైన్లు నడిచేవి.

నాలుగు రోజులకు మళ్ళీ అదే. వారానికి మళ్ళీ. నెట్ సెంటర్ల వాళ్ళు ఫోనులో నా చెవులు చిల్లులు పడేలా అరిచేవారు. ఆఫీసుకు రెండు సందుల అవతల ఖలీల్ నెట్ సెంటర్ ఉండేది. ఆయనైతే ఫోను చేసేంత ఓపిక కూడా లేక నేరుగా మెట్లెక్కి వచ్చేసేవాడు.

"క్యా ప్రకాశం భాయ్, ఫిర్ మర్ గయీ క్యా లైన్? గిరాకీ మొత్తం వాపస్ పోతున్రు!"

ఫిబ్రవరిలో ప్రకాశం ఒకటి కనిపెట్టాడు. ప్లగ్గు పీకే ముందు, ఆ పెట్టెకు తగిలించిన కంప్యూటర్ తెర మీద అంకెలు చూడడం మొదలుపెట్టాడు. నన్ను లోపలికి పిలిచి చూపించాడు. నా మొహం, నాకేం అర్థమవుతుంది? అప్పుడు తనకు తెలిసిన మాటల్లో చెప్పాడు.

"మా గల్లీల పొద్దుగాల పాలు పోసే కాడ లైన్ ఉంటది కద సార్. అండ్ల డెబ్బై అయిదు మందికే జాగ ఉందనుకోండ్రి. ఒకడొస్తడు. పాలు తీస్కోడు, జరగడు, గట్లనే నిలబడ్తడు. గసొంటోళ్ళు డెబ్బై అయిదు మంది అయినంక, నిజంగ పాలు గావాల్సినోడు రోడ్డు మీదనే ఉంటడు. దుకాణం తెరిచే ఉంటది, గిన్నెల పాలుంటయి, పాలాయన ఖాళీగ కూసుంటడు. గదే అయితుంది ఈ డబ్బాకు. ఎవరో గీ డబ్బా పేరు మీదనే ఏందో పంపుతున్రు. అది అండ్ల ఇరుక్కుంటుంది."

"మరి ప్లగ్గు పీకితే?"

"లైన్ల ఉన్నోళ్ళందరు మాయం. దొంగలూ మాయం, నిశానీలూ మాయం. మళ్ళ ఖాళీ క్యూ."

అదీ అసలు చిక్కు. పెట్టె తాను ఎందుకు ఆగిపోయిందో ఎక్కడా రాసుకోదు. కరెంటు పోయి వచ్చిందని మాత్రం రాసుకుంటుంది. అంటే లైను బాగుచేసిన ప్రతిసారీ, ఇతనే ఆపాడని ఆ పెట్టె నమోదు చేసుకుంటూ పోయిందన్నమాట. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా!

మా మేనేజరు ఫణికుమార్‌కు ఈ పాల క్యూ కథ చెబితే నవ్వాడు. "అంత పెద్ద కంపెనీ చేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు నువ్వు పట్టావా ప్రకాశం? ఆపి మళ్ళీ పెట్టు, నడుస్తోందిగా," అన్నాడు. నోటితో చెప్పాడు. కాగితం మీద ఏనాడూ పెట్టలేదు.

ఈలోగా పాతబస్తీలోకి కొత్తగా ఇంకో ఇంటర్నెట్ కంపెనీ దిగింది. మా దగ్గర లైన్లు తీసుకున్నవాళ్ళు కొందరు అటు పోయారు. అంతే, పుకారు పుట్టింది. ప్రకాశమే కావాలని లైన్లు ఆపుతున్నాడు, అవతలి కంపెనీతో మాట్లాడుకున్నాడు అని. బేగంపేట హెడ్డాఫీసు వాళ్ళు పెట్టెలోని నమోదులు తీయించారు. పదకొండుసార్లు కరెంటు తీసి పెట్టినట్టుంది. పదకొండుసార్లూ ప్రకాశం డ్యూటీయే. ఇంకెవరిది ఉంటుంది, ఉన్నదే ఒక్క మనిషయితే?

నోటీసు వచ్చింది. ఇంకొక్కసారి కరెంటు తీసినట్టు కనబడితే ఉద్యోగం పోతుందని, ఏ కారణంతో తీసేశారో ఉత్తరంలో రాసి ఇస్తారని. ఉద్యోగం పోయినా బతకొచ్చు. లైన్లు కోసేవాడని రాసిచ్చాక లైన్ ఆనందరావు కొడుక్కి మళ్ళీ లైన్ల పని ఎవరిస్తారు?

చివరికి ఫణికుమార్ ఒక దారి చూపించాడు. ఈసారి పెట్టె ఆగితే ముట్టుకోవద్దు. అలాగే వదిలెయ్యాలి. బేగంపేట నుంచి ఇంజనీరు వచ్చి తన కళ్ళతో చూస్తాడు. అంకెలు కనబడితే ప్రకాశం మాట నిజమే.

"గదే గావాలె నాకు," అన్నాడు ప్రకాశం. "ఒక్కపారి చచ్చినట్టు పడి ఉంటే చాలు."

మార్చి నెలాఖరు, శుక్రవారం. ఇరాక్‌లో యుద్ధం మొదలై వారం దాటింది. పదీ యాభైకి పెట్టె ఆగింది. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. ప్రకాశం ముఖంలో నేను మొదటిసారి సంతోషం చూశాను. ఇంజనీరుకు ఫోను చేశాను. పన్నెండు లోపు వస్తానన్నాడు. ప్రకాశం కుర్చీ జరుపుకుని, చేతులు కట్టుకుని, ఆ పెట్టె ముందు కాపలా కూర్చున్నాడు.

పదకొండుంబావుకు ఖలీల్ వచ్చాడు. ఈసారి అరవలేదు. వెనకాల ఒకామె ఉంది. బాలమ్మ అట. భర్త కువైట్‌లో తాపీ పని. ప్రతి శుక్రవారం ఈ వేళకు అతను అక్కడి నెట్ సెంటర్‌కు వస్తాడు, ఈమె ఇక్కడికి వస్తుంది, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నెట్‌లోనే మాట్లాడుకుంటారు. ఆ వారం కువైట్ మీద కూడా క్షిపణులు పడుతున్నాయని టీవీలో చెబుతున్నారు. కిందటి శుక్రవారం అతను రాలేదు.

"అన్నా," అంది ఆమె, ప్రకాశం కాళ్ళ దగ్గర కూలబడి. "ఉన్నడో లేడో ఎర్కయితే చాలన్నా. గంట సేపే ఉంటడు ఆడ. పన్నెండైతే మళ్ళ శుక్రారం దాంక లేదు. జర లైన్ ఇడువన్నా, నీ బాంచెన్!"

"ఇంజనీర్ సాబ్ వస్తుండమ్మా. జర ఆగు," అన్నాడు ప్రకాశం.

ఆమె లేవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ప్రకాశం గడియారం చూశాడు, పెట్టెను చూశాడు. పదకొండూ ఇరవై అయిదుకు ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఇట్ల రాండ్రి," అని నన్ను పిలిచాడు. "తెర చూడుండ్రి. డెబ్బై అయిదు మంది పట్టే కాడ డెబ్బై ఆరు. మీ కండ్లతోని చూసిన్రు కద? రేపు మీరే సాక్షి."

చూశాను. డెబ్బై అయిదుకు డెబ్బై ఆరు. తెల్లటి అంకెలు, నల్లటి తెర. ఇవాళ్టికీ కనిపిస్తాయి. ప్రకాశం ఆ అంకెలు ఒక చీటీ మీద రాసుకున్నాడు. ప్లగ్గు పీకాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు ప్రార్థన కాస్త త్వరగా అయినట్టనిపించింది నాకు. ప్లగ్గు పెట్టాడు. ఖలీల్, బాలమ్మ మెట్లమీద పరుగెత్తారు.

పన్నెండూ పదికి ఇంజనీరు వచ్చాడు. తెర చూసి, "కరెంటు తీసి నలభై నిమిషాలైంది. అంతా నార్మల్‌గా ఉంది," అన్నాడు. ప్రకాశం చీటీ చూపించాడు. "పెన్నుంటే ఎవరైనా రాస్తారు," అన్నాడా మహానుభావుడు.

ఏప్రిల్‌లో విచారణ. ముందు రోజు ఫణికుమార్ నన్ను పిలిచాడు. "రఘురామ్, అడిగినదానికే జవాబు చెప్పండి. అనవసరంగా వివరాలు వద్దు. జూన్‌లో మిమ్మల్ని పర్మినెంటు చేసే కాగితం నా దగ్గరే ఉంది," అన్నాడు. ఆప్యాయంగానే అన్నాడు.

విచారణలో నన్ను మూడే అడిగారు.

"ఆ రోజు ప్రకాశం కరెంటు తీయడం మీరు చూశారా?"

"చూశాను."

"తీసి ఏం చేశాడు?"

"ప్లగ్గు పట్టుకుని అర నిమిషం నిలబడ్డాడు."

"కావాలనే?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే వాళ్ళు రాసేసుకున్నారు. బల్లకు అవతలి నుంచి ప్రకాశం నా వైపే చూస్తున్నాడు, ఇప్పుడు చెబుతాడు, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అన్నట్టు. అంకెల సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఛీ, ఏం బతుకు నాది! ప్రకాశాన్ని ఉత్తరమిచ్చి పంపేశారు. జూన్‌లో నన్ను పర్మినెంటు చేశారు.

జూలైలో ఆ పెట్టె తయారుచేసిన కంపెనీయే ప్రపంచానికంతా ఒక ప్రకటన పంపింది. ఫలానా రకం సమాచారం నేరుగా రౌటర్ పేరు మీద వస్తే అది క్యూలో ఇరుక్కుంటుంది, క్యూ నిండితే ఆ దారి మూసుకుపోతుంది, ఏ హెచ్చరికా రాదు, ఆపి మళ్ళీ పెట్టడం తప్ప దారి లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోండి అని. ఫణికుమార్ చదివి, మడిచి, డ్రాయర్లో పెట్టాడు. ప్రకాశం ఫైలు ముగిసిపోయింది, మళ్ళీ తెరవలేమన్నాడు. అతను భోజనానికి వెళ్ళినప్పుడు దానికి నకలు తీసుకున్నాను.

మర్నాడు ఆదివారం. గౌలిపుర వెళ్తూ దారిలో ఖలీల్ దగ్గర ఆగాను. ఎందుకో తెలియదు, బాలమ్మ గురించి అడిగాను.

"క్యా బోల్నా సాబ్, ఏం చెప్పాలె," అన్నాడు నిట్టూరుస్తూ. "ఆ రోజు లైన్ అయితే వచ్చింది. అవతల ఎవరూ లేరు. రెండు దాకా చెవులకు పెట్టుకొని కూసుంది పాపం. మళ్ళ రాలే ఆమె."

లైన్ ఆనందరావు ఇల్లు అడిగితే ఒక కుర్రవాడు చూపించాడు. ఆ పేరింకా ఉంది. ప్రకాశం సందు చివర కొట్టంలో పక్కింటివాళ్ళ పాల క్యాన్లు కడుగుతున్నాడు. లైన్ల పని ఎక్కడా దొరకలేదని, ఉత్తరం చూడగానే వెనక్కి పంపుతున్నారని అతని భార్య మాణిక్యమ్మ చెప్పింది. నాకు మంచినీళ్ళివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

కాగితం ఇచ్చాను. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఇంగ్లీషు మీద వేలు పెట్టి, మెల్లగా చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"మాణిక్యం, ఇగో చూడు. డెబ్బై అయిదు. నేను చెప్పలె?"

ఆమె చూడలేదు. లోపలికి వెళ్ళిపోయింది. ప్రకాశం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగి ఇచ్చేశాడు.

"నాకెందుకు సార్, నాకెర్కే కద. ఎర్క లేనోళ్ళకు చూపెట్టాలె."

తల దించుకున్నాను. తిడతాడని వచ్చాను. తిడితే బాగుండేది. క్యాను మళ్ళీ చేతిలోకి తీసుకుని అడిగాడు.

"సార్, ఆ దినం ఆ అమ్మ... మాట్లాడిందా ఆమె పెనిమిటితోని?"

విచారణ గదిలో చూసినట్టే చూస్తున్నాడు.

"మాట్లాడింది ప్రకాశం," అన్నాను. "చాలాసేపు మాట్లాడింది. అతను క్షేమమేనట."

ప్రకాశం ముఖం విప్పారింది. ఇంటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"మాణిక్యం! విన్నవా? మాట్లాడిందంట!"