ఫంకా పెట్టని విమానం

మా మామగారు పోయారు. తోటలో పూత విచ్చుకునే రోజుల్లో, పొద్దున్నే కాఫీ తాగి, "ఇది కాఫీనా, కుడితా" అని గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే పోయారు. ఆఖరి మాట కోడలి కాఫీని తిట్టడమే అయిందే అని పరామర్శకొచ్చినవాళ్ళు నా మీద జాలిపడ్డారు. నాకేం జాలి అక్కర్లేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి రోజూ అదే మాట అన్నారు, రోజూ గ్లాసు అడుగుదాకా తాగారు.

మర్నాటి నుంచీ ఊళ్ళో పొగడ్తలు మొదలయ్యాయి. యుద్ధంలో విమానాలు నడిపారట. ఆకాశంలో శత్రువుల్ని తరిమి తరిమి కొట్టారట. ఇవన్నీ చెబుతున్నవాళ్ళలో ఒక్కడూ ఆయన బతికుండగా మా గుమ్మం తొక్కి పట్టుమని పది నిమిషాలు కూర్చున్నవాడు కాడు. కూర్చుంటే ఆయనే లేపి పంపించేసేవారు. మా మామగారు విమానం నడపలేదు, అసలు ఎక్కి ఎగరనే లేదు. ఆయన ఫిట్టరు. తెల్లవాళ్ళ కాలంలో, ఎక్కడో బర్మా సరిహద్దులో, బురదలో నిలబడి, ఎగిరేవాళ్ళ విమానాలకి నట్లు బిగించి వచ్చారు. "పొగిడేవాడి చేతికి స్పానరు ఇవ్వకూడదమ్మాయ్, చూసి బిగించడు" అనేవారు. వీళ్ళ మాటలు వింటే ఆ మాటెంత నిజమో తెలుస్తోంది.

నేను ముసునూరు పిల్లని. ఆగిరిపల్లి దగ్గర ఈ మామిడి తోటలోకి కోడలిగా వచ్చేనాటికే అత్తగారు లేరు. వచ్చిన వారానికే ఆయన భోజనాల దగ్గర, మీ ముసునూరు రసాలు పశువులు కూడా తినవన్నారు. మీ తోట కాయ మా ఊళ్ళో పశువులకి కూడా పెట్టరండీ అన్నాను. మా ఆయన గుటకలు మింగారు. మామగారు మాత్రం తలెత్తి నన్ను మొదటిసారి సరిగ్గా చూసి, "దీనికి కాస్త పెరుగు వెయ్యరా" అన్నారు కొడుకుతో. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ పొత్తు కుదిరింది. లోకంలో చాలామంది మాట్లాడేది వినక్కర్లేదన్నది మా ఇద్దరి అభిప్రాయమూ.

ఆయన చేతులకి మోచేతుల పైదాకా నల్లటి మచ్చలుండేవి, చర్మం ముడతలు పడి. ఈ తోటల్లో అందరి చేతులకీ సొన మచ్చలుంటాయి. ముచ్చిక తుంచగానే చిమ్మే సొన ఒంటి మీద పడితే కాల్చేస్తుంది, మచ్చ పోదు. ఆయనవీ అవేనని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. ఆయన ఒక్కనాడూ కాయలు కోసే చిక్కం పట్టిన పాపాన పోలేదు, చెట్టెక్కింది లేదు. మరి మోచేతులదాకా సొన ఎలా చిమ్మిందని ఒక్కరికీ తోచలేదు. అంత తెలివైన ఊరు మాది.

ఇక విమానం సంగతి. ఇది రాస్తానంటే మా మరిది అడ్డు చెప్పలేదు. "రాయి వదినా, ఇంక దాచేదేముంది" అన్నాడు.

కొన్నేళ్ళ కిందట మళ్ళీ యుద్ధం వచ్చినప్పుడు కుర్రాళ్ళందరూ రేడియోకి అతుక్కుపోయారు గదా, మా మరిది అందులో మొదటివాడు. పి.యు.సి. అయింది, విమానదళంలో చేరతానని కూర్చున్నాడు. పిలుపు కూడా వచ్చింది. నేనూ మా ఆయనా వద్దని మొత్తుకున్నాం. మామగారు వద్దనలేదు. మామిడికాయలు మద్రాసు ఎగుమతి చేసే షావుకారు ఏటా పూత సమయానికి మా తోట గుత్తకి మాట్లాడుకోవడానికి వస్తాడు. ఆయన చేత ఒక డబ్బా తెప్పించారు. లోపలంతా ప్లాస్టిక్ ముక్కలు. అతికిస్తే చేటంత విమానం అవుతుందట, ఆయన పనిచేసిన రకమేనట.

"ఇది పూర్తిగా కట్టు. కట్టిన మర్నాడు నేనే నూజివీడు తీసుకెళ్ళి బస్సెక్కిస్తా" అన్నారు కొడుకుతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లవాడు చావుకి పోతానంటే బొమ్మ కొనిచ్చే తండ్రిని ఎక్కడా చూడలేదు. పైగా ఊరగాయ ముక్కలు ఆరబెట్టుకునే బల్ల కాస్తా దానికిచ్చేశారు. గమ్ము వాసనకి అన్నం సయించేది కాదు. దాని పేరు హరికేన్ అన్నారు. మా వంటింట్లో లాంతరు పేరూ అదేనండీ, అది కనీసం వెలుతురిస్తుంది అన్నాను. మామిడాకు రంగూ మట్టి రంగూ పూస్తుంటే, విమానానికి మట్టి రంగేంటని అడిగాను.

"పైనుంచి చూసేవాడికి కనపడకుండా."

"కనపడకుండా ఉండాలంటే ఇంట్లో కూర్చోవచ్చు గదండీ."

ఆయన నవ్వారు. "అది వాడికి చెప్పు" అని కొడుకు వైపు చూపించారు. వాడు చిటికెనవేలంత పైలట్ బొమ్మకి రంగు వేసుకుంటూ మా మాటలు వినిపించుకోలేదు. ఆ బొమ్మకి మీసం కూడా దిద్దాడు, అచ్చం తన మీసంలాగే.

ఒక మధ్యాహ్నం నేను అక్కడే కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాను. మామగారు ఎండు మామిడి కొమ్మ ముక్కొకటి తీసుకుని, చాకుతో చెక్కి, నున్నగా అరగదీసి, బల్ల మీద మరిది ముందు పెట్టారు.

"ఇదేంటి నాన్నా? డబ్బాలో లేదే."

"లేదు. ఇంజనుంది, తుపాకులున్నాయి, ఆఖరికి మీసాలు పెట్టుకోవడానికి మనిషి కూడా ఉన్నాడు. పెట్రోలు ట్యాంకు లేదు. బొమ్మలమ్ముకునేవాడు అదెందుకు పెడతాడు? ఇదిగో, నేను చేశాను. అతికించు."

"ఎక్కడ?"

"ఇంజనుకీ సీటుకీ మధ్య."

మరిది పెట్టి చూశాడు. పైలట్ బొమ్మని సీట్లో కూర్చోబెట్టాడు. "వీడి మోకాళ్ళకి ఆనుకుంటోంది నాన్నా" అన్నాడు.

"ఆనుకోదు, కొంచెం ఎడం ఉంటుంది. నిండా పెట్రోలు. ముందునుంచి గుండు తగిలిందనుకో, విమానం ముందుకే పోతుంటుంది గదా. మంట ఎటొస్తుంది?"

మామగారు చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ఆ బొమ్మకి ఇటూ అటూ బల్ల మీద ఆనించారు. ఆ మచ్చలు అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

"కాలుతూ దిగినవి రెండు. ఇద్దర్ని లాగాను. ఒకడు నా చేతుల్లోనే పోయాడు. రెండోవాడు బతికాడు. ఆసుపత్రికి చూడ్డానికి వెళితే, నన్నెందుకు లాగావని తిట్టాడు."

"ఇవి సొన మచ్చలు కావా?" అన్నాను నేను.

"అడిగినవాడెవడమ్మాయ్? వాళ్ళే చెప్పుకున్నారు, వాళ్ళే నమ్మారు." చేతులు దించుకుని లేచారు. "నేను వద్దనట్లేదురా. మా నాన్న వద్దన్నాడనే నేను పారిపోయి చేరాను. అతికించు. గమ్ము ఆరాక రెక్కలు పెడుదువుగాని."

మరిది అతికించాడు. తర్వాత రెక్కలు పెట్టాడు, చక్రాలు పెట్టాడు, పైన అద్దం మూత పెట్టాడు. ముక్కుకి తగిలించే ఫంకా ఒక్కటే మిగిలింది. దాన్ని చిన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టి రేపు పెడతానన్నాడు. పెట్టలేదు. రమ్మన్న రోజు వచ్చింది, వెళ్ళింది. వాడు పొద్దున్నే లేచి తోటలోకి పోయి, కూలీలతో కలిసి పాదులు చేశాడు. మీసం తీసేశాడు.

నాకు వాడి మీదా చిర్రెత్తింది. పోతే పో, మానితే మానానని చెప్పు, ఈ నాన్చుడేంటి? ఓసారి ఎవరో చుట్టం వచ్చి, ఫంకా లేని విమానమేంటండీ అని ఇకిలించాడు. ఇదే సందని నేను నోరు తెరిచాను. మామగారు నాకంటే ముందే, "గమ్ము అయిపోయిందండీ" అన్నారు.

నేను నిర్ఘాంతపోయాను. ఈ మనిషి ఎవరి మనసో నొచ్చుకుంటుందని మాట మార్చినవాడు కాదు. మా పెళ్ళిలో మా నాన్న మొహం మీదే పప్పు మాడిందన్నవాడు. చుట్టం వెళ్ళాక, "అలమార్లో నిండు ట్యూబుంది గదా మామయ్యగారూ, నేను పొద్దున్నే చూశాను" అన్నాను.

"వాడు అడిగితే ఉంది. అడక్కపోతే లేదు" అన్నారు. అని, కాఫీ పెట్టమన్నారు.

తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే జవాబు. వెటకారాలన్నీ ఆయనే పడ్డారు. ట్యూబు గడ్డకడితే అవతల పారేసి, షావుకారు చేత కొత్తది తెప్పించుకునేవారు. మరిది ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ గుర్తుచెయ్యలేదు. నాన్నకి పట్టలేదనే వాడు అనుకున్నాడు. నాకు తెలిసీ చెప్పలేదు, అది ఆయనకీ నాకూ మధ్య సంగతి.

పదకొండో రోజున ముందు గదిలో జనం నిండారు. మైకు దొరికితే వదలని పెద్దమనిషి ఒకాయన ఇక్కడ మైకు లేకపోయినా వదల్లేదు. మేఘాల్లో మా మామగారి చేత చాలా యుద్ధాలు చేయించాడు. చివరికి అక్కడే బల్ల మీదున్న విమానం ముక్కు తడిమి, మరిది భుజం తట్టి, "ఇది పూర్తి చెయ్యి బాబూ. ఫంకా పెట్టు. వీరుడికి కొడుకిచ్చే నివాళి అదే. ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు?" అన్నాడు.

గమ్ము అయిపోయిందండీ అని నేనే అనబోయాను. ఈలోగా గుమ్మం దగ్గర నిలబడ్డ షావుకారు జేబులోంచి చిన్న పొట్లం తీసి నాకందించాడు. ఆయనకేం తెలుసు పాపం. "పెద్దాయన ఎప్పట్లాగే తెమ్మన్నారమ్మా, గమ్ము. ఇంతలో ఇలా అయింది."

మరిది లేచి వచ్చి పొట్లం విప్పాడు. "ఎప్పట్లాగే అంటే?"

"ఏటా తెస్తూనే ఉన్నా గదా బాబూ, పూతకొచ్చినప్పుడల్లా."

వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "గమ్ము ఉందండీ. నాకు భయమేసి పెట్టలేదు. నాన్న యుద్ధాలు చెయ్యలేదండీ, కాలిపోతున్నవాళ్ళని లాగాడు" అన్నాడు.

పెద్దమనిషి చెప్పులు వెతుక్కున్నాడు. అవి ఆయన కాళ్ళ ముందే ఉన్నాయి.

నిన్న బల్ల తుడుస్తున్నాను. మరిది తోటలోకి వెళ్ళాడు. ఇత్తడి పళ్ళెంలో ఫంకా, దాని పక్కన మూత తియ్యని కొత్త ట్యూబు. రెండూ తీసి, దుమ్ము తుడిచి, ఎక్కడివక్కడే పెట్టాను.