ఎనిమిది చక్రాలకు పది క్లిక్కులు

సొంత అత్తగారిని నడి వంతెన మీద బస్సు ముందు నిలబెట్టిన ఘనత నాది. కంగారు పడకండి, ఆవిడ ఈ పొద్దు కూడా రెండు గ్లాసుల కాఫీ తాగి పేపరు చదువుతున్నారు. కాబట్టే ఈ ఘోరాన్ని నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

మా అత్తగారు స్వయానా మా నాన్న చెల్లెలు. పురసవాక్కంలో పంతులమ్మగా రిటైరైన నెలకే గేర్ల సైకిలు కొన్నారు. ఆదివారం తెల్లారగానే స్నేహితురాళ్ళతో మెరీనా దాకా తొక్కి రావడం ఆవిడ నియమం. నా పెళ్ళయిన కొత్తల్లో, ఆ సైకిలు హ్యాండిల్ మీద గేరు మార్చే మీట విరిగింది.

"షాపులో ఇస్తే వాళ్ళే ఏస్తారు గదా," అంది నా భార్య రేవతి.

"దీనికి షాపెందుకు? నేనుండాను గదా," అన్నాను. కొత్త అల్లుడికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎట్లా చెప్పండి.

మీట కొనడానికి వెళ్తే షాపాయన అడిగాడు. "వెనక ఎన్ని పళ్ళచక్రాలు సార్?"

"ఎనిమిది."

"అయితే ఎనిమిది క్లిక్కులదే తీసుకోండి. ఆ పక్కది పదిది, మీకు సరిపోదు."

నాకు 'పది' ఒక్కటే వినిపించింది. ఎనిమిది చేసే పని పది చేయలేదా? మిగిలిన రెండూ ఊరికే పడుంటాయి, మనల్ని కొరుకుతాయా? పదిదే తెచ్చి అరగంటలో బిగించాను. చక్రం పైకెత్తి తిప్పితే మొదటి రెండు గేర్లూ నూనె రాసినట్టు మారాయి. మూడోదానికి కర్రుమంది.

"ఏంది నాయనా ఆ చప్పుడు?"

"కొత్తది గదత్తా. తొక్కితే అదే సర్దుకుంటాది."

"సరి, నీకు తెలీకుండా ఉంటాదా," అన్నారావిడ, పాపం నమ్మకంగా.

ఆదివారం పొగడ్తలు అందుకుందామని స్కూటరు మీద వెనకే బయల్దేరాను. స్నేహితురాళ్ళు ముందు సాగిపోయారు; వంతెన ఎక్కేటప్పుడు వెనకబడ్డ అత్తగారు తేలిక గేరు కోసం మీట నొక్కారు. చెయిను ఈ చక్రం వదిలింది, ఆ చక్రం అందుకోలేదు. పండగ ముందు టి. నగర్ చీరల కొట్లో ఇరుక్కున్న మగవాడిలా మధ్యలో నిలబడి మూలిగింది. ఆవిడ మళ్ళీ నొక్కారు. చెయిను ఎగిరి జారింది, పెడలు ఉత్తినే తిరిగింది, సైకిలు పక్కకు వాలింది.

వెనక బస్సు. బ్రేకు కీచుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కళ్ళు తెరిచేసరికి అత్తగారు ఒక కాలు నేలకు ఆనించి పిట్టగోడ పట్టుకొని నిలబడి ఉన్నారు. బస్సు రెండు బారల దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి దెబ్బ తగిలిందా అని అరవంలో అడిగితే, క్లాసు వదిలినట్టు చెయ్యూపి పొమ్మన్నారు. నేను స్కూటరు వదిలి పరిగెత్తాను.

"అత్తా, ఏమన్నా అయిందా?"

"నాకేం కాలా. నీ మొగమేంది అట్ల పాలిపోయింది? ముందు నువ్వు కూర్చో." తన సీసా తీసి నాకే నీళ్ళు తాగించారు. అంత తియ్యటి నీళ్ళు నేను ఎప్పుడూ తాగలేదు.

సైకిలు నడిపించుకుంటూ వంతెన దిగాం. కింద సైకిలు షాపులో తెలుగు తెలిసిన పెద్దాయన చక్రం ఒక్కసారి తిప్పి, మీట వంక చూశాడు.

"ఆడ ఎనిమిది, ఈడ పదిది. దీంట్లో ఒక్కో క్లిక్కుకి చెయిన్ని జరిపే తీగ కొంచెమే లాగతాది. ఎనిమిది మెట్ల మేడకి పది మెట్ల లెక్కన కాలెత్తితే యాడ పడతామమ్మా? ఏ పుణ్యాత్ముడు ఏశాడు దీన్ని?"

నేను నా చెప్పులు పరిశీలించసాగాను.

"ఎవురో దారిన పోయేవాడు," అన్నారు అత్తగారు, రెప్ప కూడా వేయకుండా. "మా అల్లుడు చూసుంటే ఒప్పుకునేవాడా? ఈయనే. అంబత్తూరులో గేర్లు చేసే కంపెనీలో ఇంజనీరు."

ఇంతసేపూ మీ దగ్గర దాచిన సంగతి అదే.

పెద్దాయన నన్ను గౌరవంగా చూశాడు. "మీరైనా చూసుకోవద్దా సార్?"

"ఆ రోజు ఊర్లో లేనండీ," అన్నాను.

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మా అత్తగారు నిండు నూరేళ్ళు సైకిలు తొక్కాలి. ఆ నూరేళ్ళలో దాని చక్రానికి గాలి తగ్గినా సరే, పంపు ఇంకొకరి చేతికిచ్చి, నేను చేతులు కట్టుకొని నాలుగడుగుల దూరంలో నిలబడతాను.